గండికోటలో ఫ్యామిలీతో ఒక రాత్రి టెంట్లలో ఉంటున్నాం, లైట్లు ఏవి తీసుకెళ్లాలి?

మల్లెపందిరి_హైద్రాబాద్

అందరికీ నమస్తే. డిసెంబర్ రెండో వారం గండికోట పోతున్నాం, మొత్తం పదకొండు మందిమి, నలుగురు పిల్లలు (చిన్నోడికి నాలుగేళ్లు), మా అత్తమ్మ, మామయ్య కూడా ఉన్నారు. మామయ్యకి అరవై నిండాయి, షష్టిపూర్తి ఇంట్లోనే చేశాం. ఇంకేం కావాలి మామయ్యా అని అడిగితే, చిన్నప్పుడు మిద్దె మీద పడుకున్నట్టు ఒక్క రాత్రి చుక్కల కింద పడుకోవాలని ఉందమ్మా అన్నారు. అందుకే రూములు వద్దనుకుని అక్కడి వాళ్ల దగ్గర నాలుగు టెంట్లు మాట్లాడుకున్నాం. భోజనం వాళ్లే ఇస్తారట. కరెంట్ ఉండదు, జనరేటర్ ఉంది కానీ రాత్రి పదింటికి ఆపేస్తామన్నారు.

నాకు ఆ జాగా అందంగా కనబడాలని ఉంది, మామయ్య కోసం చేస్తున్న రాత్రి కదా. కానీ పెళ్లి పందిరి లాగా వెలిగిపోకూడదు, ఎందుకంటే ఆయన అడిగిందే చుక్కలు. ఇంకోపక్క మా అత్తమ్మకి చీకటంటే చాలా భయం, ఇంట్లో కూడా బెడ్‌లైట్ లేనిదే పడుకోదు, రాత్రి రెండుసార్లు బాత్రూంకి లేస్తుంది. పిల్లలేమో ఒక్కచోట నిలబడరు.

ఇంట్లో దీపావళికి కొన్న కరెంట్ సీరియల్ సెట్లు ఆరు ఉన్నాయి, వాటినే జనరేటర్‌కి పెట్టుకోవచ్చా? లేక పవర్ బ్యాంక్‌తో వెలిగేవి కొనాలా, కొంటే రంగులవా, పసుపువా, ఎంతసేపు వస్తాయి? పురుగులు ముసురుతాయా? ఎప్పుడూ టెంట్లలో ఉండలేదు, కాబట్టి చిన్న విషయమైనా చెప్పండి.

పెన్నాగట్టు

అక్కా మాది జమ్మలమడుగే, గండికోటకి పదైదు కిలోమీటర్లు, నెలకోసారన్నా పోతాంటా. లైట్ల కంటే ముందు గాలి గురించి, నేల గురించి చెప్తా. పొద్దు గూకితానే లోయలోంచి గాలి లేస్తాది, ఒక్కోనాడు టెంట్ గుడ్డ తెల్లారిందాకా టపటపా కొట్టుకుంటానే ఉంటాది. పేపర్ లాంతర్లు, చైనా బుట్టల్లాంటి అలంకారం లైట్లు ఫోటోల్లో బాగుంటాయి కానీ అక్కడ అరగంట నిలబడవు. తీగ లైట్లే మేలు, అవి కూడా టెంట్ నెత్తిన వేలాడదీయకుండా టెంట్ చుట్టూ మోకాలి ఎత్తులో కట్టండి.

నేలంతా ఎర్ర బండ, మేకులు దిగవు. అందుకని టెంట్ తాళ్లను రాళ్లకు కడతారు. ఆ తాళ్లు రాత్రి పూట కండ్లకు ఆనవు, మా చిన్నాన్న కొడుకు ఐదేండ్ల పిల్లోడు పరిగెత్తుకుంటా వచ్చి తాడు తగిలి బండ మీద బోర్లా పడినాడు, గడ్డం పగిలి మూడు కుట్లు పడినాయి. అప్పట్నుంచి నేను ఎవురికి చెప్పినా ఒకటే చెప్తా, అందం కోసం కొన్న తీగ లైటును ముందు ఆ తాళ్లకు చుట్టండి. అట్ల చేస్తే టెంట్ గుడారం ఆకారం చీకట్లో గీత గీసినట్టు కనబడతాది, తాడు కూడా కనబడతాది. తీగ చాలకపోతే బండ్లకు అంటించే రేడియం టేపు ముక్కలు తాళ్లకు అతికించండి, టార్చి పడితే మెరుస్తాయి, ఇరవై రూపాయల పని.

ఇంకోటి, ఇది మాత్రం మర్చిపోవద్దక్కా. లోయ అంచున చాలా చోట్ల రైలింగ్ లేదు. మీ టెంట్లు అంచుకు బాగా దూరంగా వేయించుకోండి, వాళ్లు వ్యూ బాగుంటాదని దగ్గరికి రమ్మన్నా ఒప్పుకోవద్దు. అంచు వైపున ఎర్ర రంగు తీగ లైటు ఒకటి అడ్డంగా పరిచి, పిల్లోళ్లకు వెలుతురు ఉన్నప్పుడే చూపించి, ఈ ఎర్ర గీత దాటితే ఆట బంద్ అని చెప్పండి. మేం ఇట్లనే చేస్తాం. అయినా ఒక పెద్దమనిషి ఆ పక్క కూచోవాల్సిందే, లైటును నమ్మి వదిలేయకూడదు.

బాత్రూం దారికి సోలార్ గార్డెన్ లైట్లు అంటారు చూడు, నేలలో గుచ్చేవి, అవి బండలో గుచ్చుకోవు. ఖాళీ వాటర్ బాటిళ్లలో సగం దాకా ఇసుక పోసి అందులో గుచ్చి పెట్టండి, గాలికి పడవు.

వైర్‌మ్యాన్_గుంటూరు

దీపావళి సెట్లు దయచేసి తీసుకెళ్లకండి అమ్మా. అవి 230 వోల్టుల మీద నడిచేవి, లోపల తీగ వెంట్రుక అంత సన్నం, పైన తొడుగు ఇంకా పల్చన. ఇంటి బాల్కనీలో ఏదైనా లీక్ అయితే ఆర్‌సీసీబీ (కరెంట్ లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) పడిపోయి ప్రాణం కాపాడుతుంది, అద్దె జనరేటర్‌కి అది ఉంటుందన్న గ్యారంటీ లేదు, ఎర్త్ కూడా సరిగ్గా ఉండదు. పైగా డిసెంబర్‌లో తెల్లవారుజామున మంచు పడి టెంట్ గుడ్డ పిండితే నీళ్లొచ్చేలా ఉంటుంది. మా ఇంట్లోనే జరిగింది, తోటలో చిన్న ఫంక్షన్‌కి ఇలాంటి సెట్టే కట్టాం, జాయింట్ మంచుకి తడిసి షామియానా ఇనప గుంజకి తగులుకుంది, గుంజ పట్టుకున్న మా బావకి జివ్వున కొట్టింది. చెయ్యి వదిలించుకోగలిగాడు కాబట్టి సరిపోయింది. అందుకే చెప్తున్నా, పిల్లలు చెప్పుల్లేకుండా తిరిగే చోట 5 వోల్టులు దాటిన అలంకారం వద్దు.

యూఎస్‌బీ తీగ లైట్లు కొనండి. కోఠి దగ్గర ట్రూప్ బజార్‌లో బోలెడు దొరుకుతాయి, అక్కడైతే వెలిగించి చూపిస్తారు కూడా. పెట్టె మీద వోల్టులు, ఆంపియర్లు చూడండి, 5 వోల్టులు 1 ఆంపియర్ అని ఉంటే 5 వాట్లు లాగుతుంది అని అర్థం. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్‌లో లోపల ఉండేది 37 వాట్ అవర్లు, 5 వోల్టులకి మార్చేటప్పుడు కొంత పోతుంది, చేతికొచ్చేది ఓ పాతిక అనుకోండి, అంటే ఆ సెట్టు 5 గంటలు వస్తుంది. 20,000ది అయితే 10 గంటలు. సాయంత్రం ఆరున్నర నుంచి పదిన్నర దాకా అయితే చిన్నది చాలు, అత్తగారి టెంట్ దగ్గర రాత్రంతా వెలిగేదానికి మాత్రం పెద్దది పెట్టండి.

ఇక్కడ చాలామంది దెబ్బ తినేది ఒకటుంది. రాగి తీగ మీద గసగసాల్లాంటి బల్బులు ఉండే చిన్న సెట్టు లాగే కరెంట్ మరీ తక్కువ. పవర్ బ్యాంక్ ఏమో ఫోన్ చార్జింగ్ అయిపోయిందనుకుని కాసేపట్లో దానంతట అదే ఆగిపోతుంది, మీరు సెట్టు పోయిందనుకుంటారు. కొన్ని పవర్ బ్యాంకులకి బటన్ రెండుసార్లు నొక్కితే తక్కువ కరెంట్‌కి కూడా ఆగకుండా నడిచే మోడ్ ఉంటుంది. లేకపోతే రెండు మూడు సెట్లు ఒకే బ్యాంకుకి తగిలించండి. ఏదైనా సరే వెళ్లేముందు ఒక రాత్రి ఇంట్లో వెలిగించి వదిలేసి పొద్దున్నే చూడండి, అక్కడికెళ్లాక తెలుసుకుంటే లాభం లేదు.

ఐపీ44 అంటే తుంపరకి తట్టుకుంటుంది, ఐపీ65 అంటే వాన పడినా పర్లేదు. అయితే ఆ నంబర్ చాలాసార్లు తీగకే, యూఎస్‌బీ పిన్నుకి కాదు. పిన్ను, పవర్ బ్యాంక్ కలిపి జిప్ కవర్‌లో పెట్టి టెంట్ లోపల గానీ కుర్చీ కింద గానీ ఉంచండి, నేల మీద వద్దు. కారు బ్యాటరీ నుంచి లైట్లు వేసుకుందామని ఎవరైనా అంటే వద్దనండి, పొద్దున్నే బండి స్టార్ట్ కాకపోతే అక్కడ మెకానిక్ కోసం వెతుక్కోవాలి.

చుక్కలరాత్రి

రంగు సంగతి నేను చెప్తాను. పసుపే తీసుకోండి, పెట్టె మీద వార్మ్ వైట్ అనో 2700 కె అనో ఉంటుంది. తెల్లటి లైటు, నీలం లైటు దీపప్పురుగుల్ని లాగినంతగా పసుపు లాగదు. డిసెంబర్‌లో పురుగులు తక్కువే, అదే వానలు మొదలైన రోజుల్లో అయితే ఉసిళ్లు పళ్లెంలో పడిపోతాయి. మా అమ్మమ్మ వానాకాలం లాంతరు కింద నీళ్ల బేసిన్ పెట్టేది, వెలుతురుకి వచ్చినవన్నీ అందులో పడేవి, అన్నం తినే చోటుకి ఇది ఇప్పటికీ పనికొచ్చే పద్ధతి. మినుకు మినుకుమనే మోడ్, రంగులు మారే మోడ్ ఉన్నవి వద్దు, ఆపి మళ్లీ వేసిన ప్రతిసారీ మొదటి మోడ్‌కే వెళ్లిపోయే సెట్లు ఉంటాయి, నిలకడగా వెలిగేదాన్ని వెతికి కొనండి.

మీరు వెళ్లేది డిసెంబర్ రెండో వారం అన్నారు, 13, 14 తేదీల రాత్రులు దొరికితే వదులుకోకండి. జెమినిడ్స్ ఉల్కలు రాలేది అప్పుడే, ఏడాదిలో బాగా కనిపించే ఉల్కల్లో అవి ఒకటి, ఏ పరికరం అక్కర్లేదు, చాప మీద వెల్లకిలా పడుకుంటే చాలు. కాకపోతే మన కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతుంది, మధ్యలో ఎవరైనా ఫోన్ టార్చ్ ఒక్కసారి వేస్తే మళ్లీ మొదటికొస్తుంది. ఎర్ర వెలుతురు ఒక్కటే కళ్లని అంతగా చెడగొట్టదు. గిఫ్టులకి చుట్టే ఎర్ర పారదర్శక కాగితం రెండు మడతలు టార్చికి రబ్బరు బ్యాండుతో కట్టండి, అత్తగారు లేచినప్పుడు అదే వేసుకోమనండి. పైన పెన్నాగట్టు గారు చెప్పిన ఎర్ర గీత ఆ లెక్కన కూడా మంచి ఆలోచన, అది వెలుగుతూనే ఉన్నా చుక్కలు కనిపిస్తాయి.

అత్తగారి టెంట్ లోపలికి లాంతరు కొననక్కర్లేదు. తలకి కట్టుకునే హెడ్‌ల్యాంప్‌ని నీళ్లు నింపిన ఐదు లీటర్ల క్యాన్‌కి, లైటు లోపలివైపు ఉండేలా కట్టండి. క్యాన్ మొత్తం పాలరంగులో వెలుగుతుంది, కళ్లలో గుచ్చుకోదు. అసలు మంట ఉండేది ఏదీ, ప్రమిద అయినా కొవ్వొత్తి అయినా, టెంట్‌లోకి రానివ్వకండి. చలికి నిప్పుల కుంపటి లోపల పెట్టుకునే అలవాటు కొందరికి ఉంది, బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

ఇంకొకటి, బండరాళ్ల చోటు కాబట్టి చిన్న అల్ట్రావయలెట్ టార్చ్ ఒకటి కొనండి, 395 నానోమీటర్లు అని రాసి ఉంటుంది. తేలు మీద ఆ వెలుతురు పడితే ఆకుపచ్చగా మెరుస్తుంది. పరుపులు వేసే ముందు ఒకసారి చుట్టూ వేసి చూడండి, పొద్దున్నే చెప్పులు, బూట్లు దులిపి వేసుకోండి. ఆ టార్చ్ పిల్లల చేతికి ఇవ్వొద్దు, కళ్లకి మంచిది కాదు.

మల్లెపందిరి_హైద్రాబాద్

ఇంత వివరంగా చెప్పారు, అందరికీ చాలా థ్యాంక్స్. కరెంట్ సెట్లు పక్కన పెట్టేశాను. ఒక్క డౌట్, పదిన్నరకి లైట్లన్నీ ఆపేస్తే అత్తమ్మ ఉండగలదా అని భయంగా ఉంది, ఆపకపోతే మామయ్యకి చుక్కలు దొరకవు.

చుక్కలరాత్రి

ఒకేసారి ఆపకండి. ముందు అందరి ఫోన్లు లోపల పెట్టించి, ఒక్కో తీగ పావుగంటకొకటి ఆపుతూ రండి, దూరంగా ఉన్నవి ముందు, ఆవిడ పక్కనున్నది చివర. కళ్లు అలవాటు పడేకొద్దీ ఆవిడకే నేల, మనుషులు కనిపిస్తారు, చుక్కల వెలుతురే సరిపోతుంది. ఎర్ర టార్చ్ ఆవిడ చేతిలోనే ఉంచండి, స్విచ్ తన దగ్గరుంటే సగం భయం పోతుంది.

మల్లెపందిరి_హైద్రాబాద్

వెళ్లొచ్చాం, చెప్పకపోతే బాగుండదని రాస్తున్నా. పది మీటర్ల పసుపు తీగలు మూడు, ఎర్రది ఒకటి, 20,000 పవర్ బ్యాంకులు రెండు తీసుకెళ్లాం. తాళ్లకి చుట్టిన తీగలు వెలగ్గానే మా ఆడపడుచు చూసి టెంట్లకి జరీ అంచు కుట్టినట్టుంది వదినా అంది, నిజంగా అట్లనే ఉండె. సోలార్ లైట్లు మాత్రం వెలగలేదు, పొద్దంతా కారు డిక్కీలో పెట్టి తెచ్చాం, ఎండ తగల్లేదు, ఇది ఎవరికైనా ఉపయోగపడుతుందని చెప్తున్నా, దిగంగనే కాదు, దారిలోనే వెనక అద్దం దగ్గర పెట్టుకోండి. చిన్నోడి కాలికి వెలిగే గ్లో స్టిక్ పట్టీ కట్టాను, ఎటు ఉరికినా కనబడ్డాడు.

పదిన్నర నుంచి ఒక్కోటి ఆపుతూ వచ్చాం. చివరి తీగ ఆపినప్పుడు అత్తమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆమెనే మెల్లగా, అగో పిల్లలకోడి అని పైన ఒక చుక్కల గుంపుని చూపించింది. గొల్లకావడి ఎక్కడుందో మామయ్య చూపించారు, ఇద్దరూ కలిసి పిల్లలకి ఒక్కో చుక్క పేరు చెప్పుకుంటూ పోయారు, మాకు ఎవరికీ ఆ పేర్లు తెలియవు. రెండింటి దాకా పిల్లలు ఇరవై ఆరు ఉల్కలు లెక్కపెట్టారు. ఎర్ర టార్చ్ అత్తమ్మ దిండు కిందే ఉంది, రాత్రి ఒక్కసారే వేసిందట.

పెన్నాగట్టు

శానా సంతోషం అక్కా. బాటిళ్లలో ఇసుక పోసింటారు గదా, ఖాళీ బాటిళ్లు ఎనక్కి తెచ్చినారా? అట్లనే గ్లో స్టిక్కులు, టేపు ముక్కలు. మా పక్క మేకలు మేస్తాంటాయి, అవి నోట్లో పెట్టుకుంటాయని అడుగుతాండా.

మల్లెపందిరి_హైద్రాబాద్

తెచ్చాం తమ్ముడూ. పొద్దున్నే పిల్లలతోనే ఏరించాను, తాళ్లకి అంటించిన టేపు ముక్కలు లెక్కపెట్టి తీశాం, పద్దెనిమిది అంటిస్తే పద్దెనిమిదీ దొరికినయ్.