కణాల అతుకుల్లో టెన్షన్: తన్యత అందామా, బిగువు అందామా?

పర్లాకిమిడి నుంచి:
అందరికీ నమస్కారం. ఇక్కడ డిగ్రీ పిల్లలకి ఆదివారాలు జీవశాస్త్రం తెలుగులో చెబుతున్నాను. ఇంట్లో తెలుగే మాట్లాడినా, చదువంతా ఒడియాలోనో ఇంగ్లీషులోనో సాగినవాళ్ళు. పక్కపక్క కణాలు ఒకదాన్నొకటి పట్టుకునే అతుకుల్లో ఉండే లాగుడుని ఇంగ్లీషులో టెన్షన్ అంటారు. టెన్షన్ అంటే మా పిల్లలకి పరీక్షల బెంగే. 'ఉద్రిక్తత' పత్రికల్లో గొడవలకి వాడే మాట. ఆంధ్ర పాఠ్యపుస్తకాల్లోని 'తన్యత' వీళ్ళ చెవిన పడలేదు. 'బిగువు' అంటే ఎలా ఉంటుంది?

రాయగడ నుంచి:
తన్యతని వదలకండి మాస్టారూ. 'తలతన్యత' ఇప్పటికే స్థిరపడింది. పైగా బిగువు అంటే బిగుతుగా ఉండడం, గట్టిగా ఉండడం కూడా. లాగుడు వేరు, గట్టిదనం వేరు కదండీ.

పర్లాకిమిడి నుంచి:
నిజమేనమ్మా, ఆ రెండూ కలిసిపోకూడదు. గట్టిదనానికి 'బిరుసు' అని విడిగా పెట్టుకుందాం. నాకు తన్యతతో ఉన్న చిక్కు, దానికి క్రియ లేదు. ఇక్కడ జరిగేదంతా క్రియే. కణం పైపొరలోని క్యాడెరిన్ అనే ప్రోటీన్ పక్క కణం క్యాడెరిన్‌ని పట్టుకుంటుంది. కాల్షియం తీసేస్తే ఆ పట్టు పోతుంది. అందుకే 1980లలో జపాన్ శాస్త్రవేత్త మసతోషి టకెయిచి బృందం పెట్టిన క్యాడెరిన్ అన్న పేరులోనే కాల్షియం ఉంది. లోపలివైపు బీటా-కెటెనిన్ అనే ప్రోటీన్, దాన్ని అంటుకుని ఆల్ఫా-కెటెనిన్ అనే ఇంకో ప్రోటీన్, ఆ తర్వాత యాక్టిన్ అనే ప్రోటీన్ దారాలు. ఈ దారాలని మయోసిన్ అనే ప్రోటీన్ లాగుతుంది. సుమారు 5 పికోన్యూటన్ల (పికోన్యూటన్ అంటే న్యూటన్‌లో లక్ష కోట్లవ వంతు) లాగుడుకే ఆల్ఫా-కెటెనిన్ మడత విప్పుకుంటుంది. అందులో దాగి ఉన్న చోటు బయటపడి వింక్యులిన్ అనే ప్రోటీన్ వచ్చి అంటుకుంటుంది, అది మరిన్ని దారాలని పట్టి తెస్తుంది. అంటే, లాగితే అతుకు ఊడిపోకుండా ఇంకా బిగుసుకుంటుంది! రో అనే ప్రోటీన్ చురుకైతే మయోసిన్ బిగిస్తుంది, మందగిస్తే సడలుతుంది. బిగించు, బిగుసుకొను, సడలు. తన్యతతో ఇలా చెప్పి చూడండి.

బరంపురం నుంచి:
మాది పట్టు నేత ఇల్లు. మగ్గం మీద పడుగుకీ బిగువు అనే అంటాం. ఎక్కువైతే పోగు తెగుతుంది, తక్కువైతే నేత వదులవుతుంది. చేత్తో తాకి తెలుసుకుంటాం. కణానికి ఎలా తెలుస్తుంది మాస్టారూ?

పర్లాకిమిడి నుంచి:
పాఠంలో నాకు బాగా ఇష్టమైన చోటు అదే అన్నయ్యా. అక్కడ అతుకే కబురు పంపుతుంది. బిగువు పెరిగితే అజూబా కుటుంబపు ప్రోటీన్లు అతుకు దగ్గర చేరి, లాట్స్ అనే ఎంజైముని అక్కడే పట్టి ఉంచుతాయి. లాట్స్ అడ్డు తగ్గితే యాప్ అనే ప్రోటీన్ కేంద్రకంలోకి వెళ్ళి, కణం పెరిగి విభజన చెందడానికి కావలసిన జన్యువులని నడిపిస్తుంది. బీటా-కెటెనిన్‌కైతే రెండు ఉద్యోగాలు. అతుకులో ఉంటే పట్టు నిలుపుతుంది, బయటి నుంచి వింట్ అనే సంకేతం అందితే అతుకు బయట పోగైనది కేంద్రకంలోకి వెళ్ళి జన్యువులని మేల్కొలుపుతుంది.

రాయగడ నుంచి:
క్రియల సంగతి ఒప్పుకున్నాను. పాఠంలో బిగువు వాడండి, మొదటిసారి మాత్రం పక్కన తన్యత కూడా చెప్పండి. రేపు వాళ్ళు తెలుగు పుస్తకం తెరిస్తే తడుముకోకూడదు.

పర్లాకిమిడి నుంచి:
తప్పకుండానమ్మా. వచ్చే పాఠం డెస్మోసోములు, అంటే కణాల మధ్య ఇంకో రకం అతుకులు. పెంఫిగస్ జబ్బులో సొంత ప్రతిరక్షకాలే అక్కడి డెస్మోగ్లీన్ అనే ప్రోటీన్ మీద పడి, చర్మకణాల పట్టు విడిపోయి పొక్కులు లేస్తాయి. జంక్షన్‌కి 'సంధి' అంటే వ్యాకరణం గుర్తొస్తుందని 'అతుకు' అంటున్నాను. అభ్యంతరం ఉంటే శనివారంలోగా రాయండి.