యెల్త్‌సిన్: 1991లో ట్యాంకు ఎక్కినవాడే 1993లో ట్యాంకులు ఎందుకు పంపాడు?

చిక్కడపల్లి రీడర్:
అందరికీ నమస్తే. సివిల్స్‌కి ప్రిపేర్ అవుతున్నాను, పొద్దున్నుంచి రాత్రి దాకా సిటీ సెంట్రల్ లైబ్రరీలోనే ఉంటాను. మూడు రోజుల నుంచి రష్యా తొలి అధ్యక్షుడు యెల్త్‌సిన్ దగ్గర ఆగిపోయాను. 1991 ఆగస్టు 19న, సోవియట్ యూనియన్ అధ్యక్షుడు గోర్బచెవ్‌ను క్రిమియాలో నిర్బంధించి కుట్రదారులు మాస్కోలోకి సైన్యాన్ని దింపినప్పుడు, ఈయన రష్యా పార్లమెంటు ఉన్న వైట్ హౌస్ ముందు ట్యాంకు ఎక్కి ఎదిరించాడు. 1993 అక్టోబరు 4న అదే భవనం మీద ఈయన పంపిన ట్యాంకులే గుండ్లు పేల్చాయి. ఒక నోట్సులో ప్రజాస్వామ్యాన్ని కాపాడాడని ఉంది, ఇంకో దాంట్లో నియంత అని ఉంది. మీరేమంటారు?

పాలిటీ పాఠాలు:
తమ్ముడూ, మనిషి మంచివాడా చెడ్డవాడా అని మొదలుపెడితే ఇది తేలదు. ముందు అక్కడి రాజ్యాంగం చూడు. అది 1978 నాటి సోవియట్ కాలపుది, దాని మీద వందల సవరణల అతుకులు. పార్లమెంటును జనం 1990లో ఎన్నుకున్నారు, యెల్త్‌సిన్‌ను 1991 జూన్ 12న 57 శాతం ఓట్లతో నేరుగా ఎన్నుకున్నారు. ఇద్దరూ జనం మమ్మల్నే పంపారంటారు, ఇద్దరిదీ నిజమే.

మన 1984 ఆగస్టు గుర్తు చేసుకో. ఎన్టీఆర్‌ను గవర్నర్ తీసేస్తే హైదరాబాద్ అట్టుడికింది, కానీ చివరికి ప్రశ్న ఒక్కటే, అసెంబ్లీలో మెజారిటీ ఎవరిది? ఎమ్మెల్యేల తలలు లెక్కపెడితే తేలిపోయే విషయం కాబట్టి నెల తిరిగేసరికి ఆయన మళ్లీ సీఎం అయ్యారు. మాస్కోలో అలా లెక్కపెట్టడానికి వీల్లేదు, అధ్యక్షుడి పదవి మెజారిటీ మీద నిలిచింది కాదు. దించాలంటే అభిశంసన ఒక్కటే దారి. 1993 మార్చి 28న అదీ ప్రయత్నించారు, 689 ఓట్లు కావాల్సిన చోట 617 వచ్చాయి. ఏప్రిల్‌లో రెఫరెండం (జనం నేరుగా వేసే ఓటు) పెడితే 58 శాతానికి పైగా యెల్త్‌సిన్ మీద నమ్మకం ఉందన్నారు. అయినా ముడి వీడలేదు.

సెప్టెంబరు 21న యెల్త్‌సిన్ 1400 నంబరు డిక్రీతో, అంటే అధ్యక్షుడి ఉత్తర్వుతో, పార్లమెంటును రద్దు చేశాడు. ఆ అధికారం ఆయనకు లేదు, రాజ్యాంగ న్యాయస్థానం ఆ రాత్రే ఆ మాట చెప్పింది. నా దృష్టిలో తప్పు అక్కడే జరిగింది, ట్యాంకులు తర్వాతి సంగతి. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఏంటంటే, ఆ రద్దును ఒప్పుకోక వైట్ హౌస్ లోపల కూర్చున్న ఉపాధ్యక్షుడు రుత్స్‌కోయ్, స్పీకర్ ఖస్బులాతోవ్ ఇద్దరూ 1991లో అదే భవనంలో ఈయన పక్కన నిలబడినవాళ్లు.

చిక్కడపల్లి రీడర్:
సార్, మరి లోపలివాళ్లు అమాయకులా?

పాలిటీ పాఠాలు:
కాదు. భవనానికి కరెంటు, నీళ్లు, ఫోన్లు కట్ చేసింది ప్రభుత్వమే, కానీ అక్టోబరు 3న రుత్స్‌కోయ్ పిలుపు మీద ఆయుధాలతో జనం మేయర్ ఆఫీసు మీద, ఆ తర్వాత ఒస్తాన్కినో టీవీ కేంద్రం మీద పడ్డారు. ఆ తర్వాతే సైన్యం కదిలింది. మొత్తం చావులు అధికారిక లెక్కలోనే దాదాపు 150. నీ జవాబులో ఈ రెండో వైపు తప్పకుండా రాయి.

జీడిమెట్ల పాతకాపు:
పుస్తకాల సంగతి వాళ్లు చెప్పారు, నేను చూసింది చెప్తాను. 1998లో మందుల ఎక్స్‌పోర్ట్ సెక్షన్లో క్లర్కును, మా సరుకులో చాలా భాగం రష్యాకే. ఆగస్టు 17న అక్కడి ప్రభుత్వం అప్పులు కట్టలేమని చేతులెత్తేసింది. డాలరుకు 6 రూబుళ్లున్నది సెప్టెంబరులోనే 20 దాటింది. అవతలి డీలర్ నుంచి వచ్చిన ఫ్యాక్స్ ఇప్పటికీ కళ్ల ముందుంది, రెండే లైన్లు, ఇప్పుడు డబ్బు పంపలేం, సరుకు ఆపండి అని. మాకు రెండు నెలలు జీతాలు ఆలస్యమయ్యాయి, అక్కడి మాస్టార్లకీ గని కార్మికులకీ అంతకుముందు నుంచే నెలల తరబడి జీతాల్లేవు. 1992 జనవరిలో ధరల మీద అదుపు ఎత్తేశాక ముసలివాళ్ల బ్యాంకు పొదుపంతా కరిగిపోయిన దేశం అది. యెల్త్‌సిన్‌ని అక్కడి జనం ఎందుకు క్షమించలేదో అడిగితే నేను ముందు ఇదే చెప్తాను.

పాలిటీ పాఠాలు:
అన్నా, మీరు చెప్పిన 1998కీ 1993కీ ముడి ఉంది. ట్యాంకుల తర్వాత డిసెంబరు 12న కొత్త రాజ్యాంగం వచ్చింది. దాని ప్రకారం అప్పట్లో ప్రధానిగా అధ్యక్షుడు పెట్టిన పేరును దూమా (పార్లమెంటు దిగువ సభ) మూడుసార్లు కాదంటే దూమానే రద్దు. 1998 ఏప్రిల్‌లో 35 ఏళ్ల కిరియెంకోను రెండుసార్లు కాదని, మూడోసారి పదవులు పోతాయన్న భయంతో ఒప్పుకున్నారు. ఆగస్టులో రూబుల్ కూలినప్పుడు ప్రధాని ఆయనే, వారం తిరక్కుండా ఆయన్నీ తీసేశారు. ఏడాదికి, 1999 ఆగస్టులో, ప్రధాని పదవికి పుతిన్ పేరు వచ్చింది. డిసెంబరు 31న యెల్త్‌సిన్ టీవీలో జనాన్ని క్షమించమని అడిగి దిగిపోయాడు. పార్లమెంటుతో పోట్లాటలో తన కోసం రాయించుకున్న అధికారాలన్నీ చెక్కుచెదరకుండా పుతిన్ చేతికి వెళ్లాయి. తమ్ముడూ, నీ జవాబు ఆ డిసెంబరు 12 దగ్గర మొదలుపెట్టి వెనక్కీ ముందుకీ రాయి.

చిక్కడపల్లి రీడర్:
థాంక్యూ సార్, అన్నా. రాత్రికి రాసి ఇక్కడే పెడతాను, ఎక్కడ తప్పుందో చెప్పండి.