సమస్య: మూడు మెడల రెండె ముళ్లు పడియె

నిర్వాహకుడు: ఒక మెడకు మూడు ముళ్లు లోకరీతి. ఇక్కడ తలకిందులు. పెళ్లి జోలికి పోకుండా, బోరాన్ మూలకపు ఒక రూపమైన ఆల్ఫా బోరాన్ స్ఫటికంలో పూరించండి.

స్ఫటికప్రియ:
పొరకు నడుమనుండు బోరాను లారును
పక్క యిండ్ల వారి బట్టుకొనగ
ఒక్క జంటతోడ నొదిగె ముమ్మూడుగ
మూడు మెడల రెండె ముళ్లు పడియె

ఇల్లంటే 12 బోరాన్ పరమాణువుల ఐకొసాహెడ్రన్ (ఇరవై ముఖాల గూడు), మెడలంటే పరమాణువులు, ముళ్లంటే వాటిని కలిపే ఎలక్ట్రాన్లు.

గణపాఠి: ‘పక్క యిండ్ల వారి’ దగ్గరే పద్యం గెలిచింది. ‘ఒదిగె’ మాత్రం ఒప్పుకోను. ఇంటిలోపలి దూరాలు 1.73 నుంచి 1.79 ఆంగ్‌స్ట్రాములు, వేర్వేరు ఇండ్ల ఈ ముగ్గురి మధ్య 2.02. ఒదగడం ఎక్కడ? ‘నొరసె’ అనండి, యతి చెడదు.

స్ఫటికప్రియ: మార్చాను. ‘ఒరసె’లో ఆ వదులు వినపడుతోంది.

అణుభారతి:
ఇంట నాల్గు గదుల కెవ్వరు? మువ్వురే
తక్కువైన సొమ్ము దాచుకొనక
జంట నొకటి పంచి సర్దుకొనిరిగా
మూడు మెడల రెండె ముళ్లు పడియె

గణపాఠి: మూడో పాదం చివర ‘నిరిగా’ సగణం, అక్కడ చెల్లదు. ‘సర్దుకొన్నారుగా’ అంటే సరిపోయేది. అంతకంటే పెద్ద చిక్కు: మీ పద్యంలో ఇల్లంటే ఒక్క పరమాణువు. నాలుగు గదులు (ఎలక్ట్రాన్లుండే బయటి ఆర్బిటాళ్లు), ముగ్గురు మనుషులు (ఎలక్ట్రాన్లు) అల్యూమినియానికీ ఉన్నారు, అది లోహమైంది. మీ పద్యంలో బోరాన్ ఏది? స్ఫటికప్రియగారి ‘పొర’ ఆ పని చేసింది.

అణుభారతి: గణం తప్పింది, నిజమే. కానీ గణపాఠిగారూ, ఇంతకుముందు డైబొరేన్ (రెండు బోరాన్లు, ఆరు హైడ్రోజన్ల అణువు) పూరణలో మీరు రెండు బోరాన్ల మధ్య నేరుగా బంధం వేశారు. 12 ఎలక్ట్రాన్లలో 8 చివరి నాలుగు హైడ్రోజన్లకే పోతాయి, మిగిలిన 4 రెండు బోరాన్లనూ కలిపే రెండు హైడ్రోజన్ వంతెనలకు. మీ బంధానికి ఇంకేం మిగిలింది? ఆ రోజు యతి బాగుందని అందరూ మెచ్చుకున్నారు, లెక్క ఎవరూ చూడలేదు.

ఇక్కడి లెక్క చూడండి. ఆల్ఫా బోరాన్ ఇంట్లో పన్నెండు పరమాణువులు, తలా మూడు ఎలక్ట్రాన్లు: పన్నెండు మూళ్లు 36. ఇంటి లోపలి కట్టుకు 13 జంటలు, అంటే 26. ధ్రువాల వైపున్న ఆరు పరమాణువులు పై పొరతో, కింది పొరతో మామూలు బంధాలు వేసుకుంటాయి, తలా ఒకటి: 6. నడుము దగ్గర ఆరూ, ముగ్గురికి రెండే కాబట్టి, తలా మూడింట రెండు వంతులు: 4. అంతా కలిపితే 36, ఒక్కటీ మిగలదు. ‘సొమ్ము దాచుకొనక’ అన్నది అందుకే.

స్ఫటికప్రియ: ఆ పాదం నిలబడింది. బోరాన్‌ మరో స్ఫటికమైన బీటా రూపానికి మాత్రం వాడకండి. అక్కడ కొన్ని స్థానాలు పాక్షికంగానే నిండుతాయి, లెక్క ఇంత శుభ్రంగా తేలదు.

గణపాఠి: డైబొరేన్ పద్యం తిరగరాస్తాను. ‘నిరిగా’ మీరు మార్చండి.