పెల్లెట్ల సంచీ మీద 25 శాతం పీచు అని ఉండగా కుందేలుకు ఎండుగడ్డి తప్పనిసరా?

తెల్లముక్కు:
మా కుందేలుకు 3 ఏళ్లు, బరువు 2 కిలోలు. అది ఎండుగడ్డి మీద పడుకుంటుంది, కాళ్లతో చెదరగొడుతుంది, కాని నోట పెట్టదు. పెల్లెట్లు (మరపట్టిన మేతతో చేసిన గుళికలు) మాత్రం గిన్నె ఖాళీ అయ్యేదాకా తింటుంది. ఆ సంచీ మీద ముడి పీచు 25 శాతమని అచ్చువేశారు. తిమోతి అనే రకం ఎండుగడ్డిలో ముడి పీచు సుమారు 30 శాతం ఉంటుందని చదివాను. తేడా ఇంత తక్కువగా ఉన్నప్పుడు, మేతలో 80 శాతానికి పైగా ఎండుగడ్డే ఉండాలని అందరూ ఎందుకు పట్టుబడుతున్నారో నాకు బోధపడడం లేదు. కావలసింది పీచే అయితే అది అందుతూనే ఉంది కదా. తెలిసినవారు కారణంతో సహా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

గడ్డిమోపు:
తెల్లముక్కు గారూ, మీరు పోల్చిన రెండు అంకెలూ ఒకే రకమైన పరీక్ష నుంచి వచ్చినవే, కాని ఆ పరీక్షకు పీచు పొడవుతో పని లేదు. మేతను ముందు ఆమ్లంలో, తరువాత క్షారంలో ఉడికించి, కరగకుండా మిగిలినదాన్ని తూచి ముడి పీచు అంటారు. వేలెడంత గడ్డిపోచ అయినా, పిండిలా మరపట్టిన గడ్డి అయినా అక్కడ తూగేది ఒక్కటే.

కుందేలు పేగు అలా తూచదు. దాని పెద్దపేగు మొదటి భాగం జల్లెడ లాంటిది. సుమారు అర మిల్లీమీటరు కంటే పెద్దవైన, అరగని పీచు ముక్కలు నేరుగా ముందుకు సాగి, గట్టి పెంటికలై త్వరగా బయటికి పోతాయి. సన్నని రేణువులు, ద్రవం మాత్రం వెనక్కి మళ్లి, పేగుకు సంచీలా ఉండే అంధనాళంలోకి చేరతాయి. అక్కడి సూక్ష్మజీవులు వాటిని పులియబెడితే, ఆ సరుకే కొన్ని గంటల తరువాత జిగురు పొరతో, గుత్తిగా, మెత్తటి పెంటికలుగా వస్తుంది. వాటిని కుందేలు నేరుగా మలద్వారం దగ్గరే నోటితో అందుకుని తిని, బి విటమిన్లను, మాంసకృత్తులను మళ్లీ ఒంటికి పట్టించుకుంటుంది. పేగు కదలికను నడిపించేవి ఆ పెద్ద ముక్కలే. పెల్లెట్లలోని గడ్డి మరపట్టినది కనుక అందులో ఎక్కువ భాగం అంధనాళం వైపే పోతుంది. అందువల్ల మీ 25 శాతం అబద్ధం కాదు, కాని అది చేయవలసిన పని చేయడం లేదు.

చెవులపిల్లి:
మా ఇంట్లోది 9 ఏళ్లుగా పెల్లెట్లతోనే బతుకుతోంది, దానికి ఏ జబ్బూ రాలేదు.

పాతబోను:
గడ్డిమోపు గారు పేగు గురించి రాసిన దానితో నాకు పేచీ లేదు. నా పేచీ అంతా ఆ 80 తోనే. దేనిలో 80 శాతం? బరువులోనా, చూపుకు కనబడే పరిమాణంలోనా? ఎండుగడ్డిలో తడి నామమాత్రం, పచ్చగడ్డిలో మూడు వంతులకు పైగా నీరే. ఆకుకూరలను కూడా కలిపి లెక్కిస్తే ఆ శాతం ఏమవుతుందో ఎవరూ చెప్పరు. పైగా స్వేచ్ఛగా తిరిగే కుందేలుకు ఎండుగడ్డి మోపు ఎవరూ వేయరు, అది పచ్చగడ్డి మేస్తుంది. కాబట్టి నిబంధన పెట్టదలిస్తే పొడవైన పీచు కావాలని పెట్టండి. ఎండుగడ్డి అన్న మాటను, 80 అన్న అంకెను వేదవాక్కుగా చేయకండి. కుందేలుకు సరిపోతోందో లేదో పెంటికలే చెబుతాయి. పెద్దవిగా, గుండ్రంగా, ఒకే పరిమాణంలో ఉండి, విరిస్తే లోపల గడ్డి నలుసులు కనిపిస్తే బాగున్నట్టు. చిన్నవైపోయినా, వెంట్రుకలతో గొలుసులా కలిసివచ్చినా, రావడం తగ్గినా అనుమానించాలి.

గడ్డిమోపు:
పచ్చగడ్డి రోజంతా అందుబాటులో ఉంటే ఎండుగడ్డి తప్పనిసరి కాదని నేను కూడా అంటాను. అయితే ఇంటి లోపల పెంచేవారిలో ఎంతమందికి అది సాధ్యం? 80 అనేది తక్కెడ పెట్టి తూచవలసిన అంకె కాదు, గడ్డి ఎప్పుడూ ముందుండాలి, మిగతాదంతా కొలిచి పెట్టాలి అని చెప్పడానికి వాడే అంకె. పెల్లెట్లను కిలో బరువుకు రోజుకు 25 గ్రాములకు మించనివ్వకూడదన్నది చాలామంది పశువైద్యులు చెప్పే కొలత, అంటే తెల్లముక్కు గారి కుందేలుకు 50 గ్రాములు. గిన్నె నిండా పోస్తే దానికి గడ్డి మీద ఆకలి ఎక్కడుంటుంది?

ఎడిన్‌బరో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇంచుమించు ఏడాదిన్నర పాటు కుందేళ్లకు నాలుగు రకాల మేతలు పెట్టి చూశారు. గింజలు, రేకులు కలిపిన మ్యూస్లీ మేత తిన్నవి తమకు నచ్చిన ముక్కలనే ఏరుకున్నాయి. గడ్డి లేకుండా మ్యూస్లీ ఒక్కటే తిన్నవి నీళ్లు తక్కువగా తాగాయి, పెంటికలు కూడా తక్కువగా వేశాయి. తడి తగ్గితే కడుపులోని సరుకు గట్టిపడుతుంది, కుందేలు వాంతి చేసుకోలేదు కనుక అది ముందుకు కదలడం తప్ప మరో దారి లేదు.

పళ్ల సంగతి ఇంకా ముఖ్యం. కుందేలుకు 28 పళ్లు ఉంటాయి, వాటిలో 22 దవడ పళ్లు, అన్నీ జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. గడ్డిపోచను నమలాలంటే దవడను పక్కలకు ఆడించాలి, ఆ రాపిడితోనే దవడ పళ్లు సమంగా అరుగుతాయి. పెల్లెట్‌ను నిలువుగా కొరికి చితక్కొడితే చాలు.

మెత్తనిపాదం:
లూసర్న్ (పప్పుజాతి మేత మొక్క) పెట్టి చూడండి, మావి దాన్ని వదలకుండా తింటాయి.

గడ్డిమోపు:
లూసర్న్ పిల్లలకు మంచిది, పెద్ద కుందేలుకు రోజువారీ మేతగా వద్దు, అందులో కాల్షియం ఎక్కువ. కుందేలు మేతలోని కాల్షియాన్ని అవసరం ఉన్నా లేకపోయినా పేగు నుంచి పీల్చుకుని, మిగులును మూత్రంలో వదులుతుంది. అది మూత్రాశయంలో బురదలా పేరుకుంటే చాలా బాధ పడుతుంది.

అసలు విషయానికి వస్తాను. మా కుందేలు గడ్డి తినదు అని చెప్పేవారు నిజానికి పెల్లెట్ల గిన్నె తీసే మనసు లేనివారు. గిన్నె తీసేయండి. ఆకలేస్తే అదే తింటుంది.

పాతబోను:
ఈ చివరి వాక్యం కోసమే ఇంతసేపు ఎదురుచూశాను.

రెండేళ్ల కిందట ఇలాంటి చర్చలోనే నాకు ఇదే మాట చెప్పారు. ఎవరు చెప్పారో ఇప్పుడు తవ్వను. నేను సాయంత్రం గిన్నె తీసేసి గడ్డి నిండుగా పరిచాను. అది గడ్డి దగ్గరికి వచ్చింది, ఒక పోచ నోట పెట్టింది, వదిలేసింది. మరునాడు ఉదయానికి పెంటికలు సగానికి తగ్గాయి. మొండితనం చేస్తోందని, ఇంకొంచెం ఓర్చుకోవాలని అనుకున్నాను, ఎందుకంటే నాకు అలాగే చెప్పారు. రెండో రోజు అది మూలకు నక్కి కూర్చుంది, పళ్లు కొరుకుతూ ఉంది. ఆ శబ్దం నొప్పికి గుర్తని నాకప్పుడు తెలియదు. పశువైద్యురాలు నోరు తెరిచి చూస్తే కింది దవడ పళ్లు లోపలికి మొలకల్లా పెరిగి నాలుకను కోస్తున్నాయి. కొద్దిగా లావుగా ఉన్న కుందేలు మేత మానేస్తే ఒంట్లోని కొవ్వు కాలేయానికి చేరి దాన్ని ముంచేస్తుందని ఆమె వివరించారు. మూడో రోజు రాత్రి చనిపోయింది. దానికి ఆకలి లేక కాదు, నమలలేక.

గడ్డిమోపు:
మీ నష్టానికి నేను నిజంగా బాధపడుతున్నాను. అయినా ఒక మాట అనక తప్పదు. ఆ మొలకలు ఒక్క రోజులో రాలేదు, ఏళ్ల తరబడి గడ్డి నమలకపోవడం వల్ల వచ్చి ఉంటాయి. అంటే మీ అనుభవం నా వాదననే బలపరుస్తోంది.

పాతబోను:
అది 4 ఏళ్ల వయసులో నా దగ్గరికి వచ్చింది. పాత ఇంట్లో దానికి ఏం పెట్టారో నాకు తెలియదు. నా దగ్గర ఉన్నది 5 నెలలు. గడ్డి ఎందుకు మంచిదో మీరు పదిసార్లు చెప్పారు, ప్రతిసారీ సరిగ్గానే చెప్పారు. కాని మీరు మాట్లాడుతున్నది పసితనం నుంచి గడ్డి మీద పెరిగిన కుందేలు గురించి. ఇక్కడికి వచ్చి అడిగేవారి దగ్గర ఉన్నది ఇప్పటికే చెడిన కుందేలు. గడ్డి తినకపోవడాన్ని మీరు దాని అలవాటుగా చూస్తున్నారు, నేను దాన్ని జబ్బు లక్షణంగా చూడమంటున్నాను. మన తగవు 80 దగ్గర లేదు, ఇక్కడ ఉంది. ఇది నాకు కూడా ఇప్పుడు రాస్తుంటేనే తేటపడింది.

రెండుపూటలు:
పళ్ల జబ్బుకు మేత ఒక్కటే కారణం కాదు, ముఖం గుండ్రంగా, దవడ పొట్టిగా ఉన్న జాతులకు అది పుట్టుకతోనే రావచ్చు.

గడ్డిమోపు:
అది కూడా నిజం. పాతబోను గారూ, మీ సొంత ఇంటి పొరపాటులా రాసినందుకు క్షమించండి. అయితే గడ్డి అవసరాన్ని నేను పిసరంత కూడా తగ్గించి చెప్పను, ఎందుకంటే తగ్గించి చెబితే జనం పెల్లెట్లకే స్థిరపడతారు. ఆకలేస్తే అదే తింటుంది అన్న మాటను మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను. కుందేలు 12 గంటలు మేత ముట్టకపోయినా, పెంటికలు వేయకపోయినా అది అత్యవసర పరిస్థితి. ఆ సంగతి తెలిసి కూడా నేను అలా రాయకుండా ఉండవలసింది. మొదట పశువైద్యులకు పళ్లు చూపించి, ఏ లోపమూ లేదని తేలితే రెండు మూడు వారాల మీద పెల్లెట్లను కొద్దికొద్దిగా తగ్గించాలి, మధ్యమధ్య బరువు తూచాలి, పెంటికలు తగ్గితే ఒక మెట్టు వెనక్కి రావాలి.

చెవులపిల్లి:
మా కుందేలు పళ్లను ఇంతవరకు ఎవరికీ చూపించలేదు.

తెల్లముక్కు:
ఒక విషయం అడగాలి. ఇది నెల రోజులుగా గడ్డం కింద బొచ్చు తడితడిగా ఉంచుకుంటోంది. నీళ్ల గిన్నెలో మూతి పెట్టడం వల్ల అనుకున్నాను. పెల్లెట్లు తినేటప్పుడు తల ఒక పక్కకు వంచుతుంది, పొడి రాలుతుంది. ఇవి దేనికైనా గుర్తులా?

పాతబోను:
ఔను, అది పళ్ల బాధతో కారే చొంగ కావచ్చు. ముందరి పళ్లు మాత్రమే చూసి బాగున్నాయంటే సరిపెట్టుకోకండి, దవడ పళ్లు పరికరంతో చూడమనండి, అవసరమైతే మత్తు ఇచ్చి చూస్తారు. మత్తు అన్నారు కదా అని పస్తు పెట్టకండి, వాంతి చేసుకోని జంతువుకు ఆ అవసరం లేదు, అది తినే పెల్లెట్లను వెంట తీసుకెళ్లండి.

గడ్డిమోపు:
ఈ కుందేలుకు గిన్నె తీయవద్దు. నేను కూడా అదే అంటున్నాను.

తెల్లముక్కు:
రేపు ఉదయం చూపిస్తున్నాను. ఇప్పుడే బరువు తూచాను, 2 కిలోలు అనుకున్నది 1 కిలో 800 గ్రాములే ఉంది. గిన్నె అలాగే ఉంచాను.