ఐదేళ్ల బాబు లిప్‌స్టిక్ వేసుకుంటానంటున్నాడు, ఎలా చెప్పాలి?

ఎంవీపీ కాలనీ అమ్మ

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మాకు ఇద్దరు పిల్లలు. పాపకి తొమ్మిదేళ్లు, కూచిపూడి నేర్చుకుంటోంది. బాబుకి ఐదు నిండాయి, యూకేజీ. దసరాలకి పాప క్లాసు వాళ్ల ప్రోగ్రాం కళాభారతిలో జరిగింది. పద్దెనిమిది మంది పిల్లలు, మేకప్ చేసే ఆయన ఒక్కరే. మధ్యాహ్నం రెండింటి నుంచే మొదలుపెట్టారు. బాబుని ఇంట్లో వదిలే వీల్లేక వెంట తీసుకెళ్లాను. అల్లరి చేస్తాడని భయపడ్డాను గానీ, వాడు నాలుగు గంటలూ ఆయన పక్క నుంచి కదల్లేదు. స్పాంజి తడిపి ఇమ్మంటే ఇచ్చాడు. అద్దం పట్టుకున్నాడు. ఆయన కాటుక గీతని కంటి కొస నుంచి చెవి వైపు లాగుతుంటే వీడు కూడా ఊపిరి బిగబట్టేవాడు. అందరిదీ అయ్యాక "నాకూ" అన్నాడు. ఆయన నవ్వి వీడికీ కళ్లు దిద్ది, పెదాలకి కాస్త రంగు అద్దారు. ఆ రాత్రి మొహం కడుక్కోనని ఏడ్చి అలాగే నిద్రపోయాడు. తెల్లారేసరికి దిండు గలీబు నల్లగా అయిపోయింది.

అప్పట్నుంచీ రోజూ ఇదే. స్కూలు నుంచి రాగానే అక్క డాన్సు పెట్టె ముందు కూర్చుంటాడు. నేను పెద్దగా పట్టించుకోలేదు, ఆటే కదా అనుకున్నాను.

మొన్న శనివారం ఆ పెట్టెలోంచి లిప్‌స్టిక్ తీసి నిక్కరు జేబులో వేసుకెళ్లాడు. నాకు తెలీదు. తిరిగొచ్చేటప్పుడు వాన్‌లో పూసుకున్నాడట. దిగేసరికి మూతి చుట్టూ ఎర్రగా కందిపోయి ఉంది. ఏదో ఒంటికి పడలేదేమోనని కంగారుపడి దగ్గరికి తీసుకుని చూస్తే అది రంగు కాదు, చర్మం. వాన్‌లో పెద్ద క్లాసు పిల్లలు వాణ్ణి ఒక మాట అన్నారు. ఆ మాట ఇక్కడ రాయలేను. వీడు దారి పొడుగునా చొక్కా చేత్తో, కాలరుతో, చివరికి టై కొసతో రుద్దుకుంటూనే ఉన్నాడు. తెల్ల యూనిఫాం కాలరంతా ఎర్ర మరక. ఇంట్లోకి రాగానే మొహం పైకెత్తి వాడు అడిగింది ఒకటే: "అమ్మా, పోయిందా?"

మావారు వాణ్ణి ఏమీ అనలేదు. కానీ ఆ పెట్టె తీసి అటక మీద పెట్టేశారు. "మగపిల్లాడు, ఇప్పుడే మాన్పించాలి" అన్నారు. మా అత్తయ్యగారిది పాలకొండ వైపు. ఆవిడ ఊరుకోలేదు. "ఏటి మాన్పించేది? నీకు మూడేళ్లొచ్చి సింహాచలంలో గుండు సేయించినదాకా జడేసి, పూలెట్టి, కాటుకెట్టి తిప్పినాను. పొటో ఉన్నాది, ఉండు తెస్తాను" అని నిజంగానే తెచ్చారు. స్టూడియో ఫొటో. మావారు గౌను వేసుకుని, బుగ్గన దిష్టిచుక్కతో, వెనక అద్దంలో పూలజడ కనబడేలా నిలబడి ఉన్నారు. ఆయన దాన్ని చాలాసేపు చూసి, "అది వేరమ్మా, ఊహ తెలీని వయసు" అన్నారు.

ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను. మూడేళ్లకి ఇంటిల్లిపాదీ ముద్దుపడి ఫొటో తీయించుకున్నది ఐదేళ్లకి ఎందుకు తప్పయిందో వాడు అడిగితే ఏం చెప్పాలి? బయట వద్దని చెప్పాలి, అది నాకూ తెలుసు. కానీ తనలో ఏదో తప్పు ఉందన్న భావం వాడికి రాకుండా ఎలా చెప్పాలి? పెట్టె ఇప్పుడు కిందికి దింపాలా, వద్దా?

ఇంకొకటి. ఆ లిప్‌స్టిక్ ఒక ఫ్యాన్సీ షాపులో అరవై రూపాయలకి కొన్నాను. దాని మీద ఏమీ రాసి లేదు. అసలు పిల్లలకి ఏది వాడొచ్చు?

గాజువాక పిన్ని

తల్లీ, ముందు కాలరు సంగతి. వేడినీళ్లు పోయకండి, ఇస్త్రీ అసలు చేయకండి, మరక ముదిరిపోతుంది. గిన్నెలు తోముకునే లిక్విడ్ రెండు చుక్కలు వేసి పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్ది చల్లనీళ్లతో జాడించండి. పోకపోతే ఇంజెక్షన్‌కి ముందు రాస్తారే, ఆ స్పిరిట్ దూదితో అద్దండి. రెండు మూడు సార్లకి పోతుంది.

ఇక నా సంగతి చెబుతాను. మా అమ్మాయికి నాలుగేళ్లప్పుడు గోళ్ల రంగు పిచ్చి. నేను ఒక్కసారే గట్టిగా కేకలేసి సీసా డ్రైనేజీలో పారబోశాను. మానేసిందనుకున్నాను. ఏడాది తర్వాత స్కూల్లో ఆటల పోటీలకి షూ విప్పితే పది కాలిగోళ్లకీ రంగుంది. పక్కింటి పిల్ల దగ్గర వేయించుకుని పొద్దున్నే నాకంటే ముందు సాక్సు తొడిగేసుకునేదట. నన్ను చూసి కాళ్లు వెనక్కి ముడుచుకుంది చూడండి, ఇప్పుడు దానికి ఇరవై ఆరేళ్లు, నాకు ఇప్పటికీ ఆ ముడుచుకోవడం కళ్లలో ఉంది. రంగు పోయేదే. నా దగ్గర దాచడం మాత్రం పెళ్లీడు దాకా పోలేదు.

మీ వాడు జేబులో వేసుకుని వెళ్లాడంటే దాచడం మొదలైనట్టే. పెట్టె దింపండి. అటక మీద ఉన్నంతసేపూ వాడి ధ్యాసంతా అటక మీదే ఉంటుంది.

చేతులకి రంగు కావాలంటే గోరింటాకు రుబ్బి పెట్టండి. మా ఇళ్లలో ఆషాఢంలో మగపిల్లల అరచేతిలో కూడా ఒక చందమామ పెట్టేవాళ్లం, ఎవరూ నవ్వలేదు.

సీతమ్మధార ఫార్మసిస్టు

నేను మందుల షాపులో పదిహేనేళ్లుగా పనిచేస్తున్నానండి, అడిగారు కాబట్టి వస్తువుల వరకు చెబుతాను.

మూతి దగ్గర కందింది రుద్దుడు వల్లే అయితే ఉత్త నీళ్లతో కడిగి కొబ్బరినూనె గానీ పెట్రోలియం జెల్లీ గానీ పల్చగా రాయండి, రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. నీటిపొక్కులొచ్చినా, రసి కారినా, పాకుతున్నా చర్మం డాక్టరుకి చూపించండి. ఆ అరవై రూపాయల లిప్‌స్టిక్ మాత్రం పారేయండి. మన దేశంలో 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం వీటిలో వాడే రంగుల్లో సీసం 20 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 20 పాళ్లు, మించకూడదు. ఎవరు చేశారో, ఎక్కడ చేశారో, ఎప్పటిలోపు వాడాలో లేని వస్తువుకి ఆ లెక్క ఎవరు చూశారు? చిన్నపిల్లలు పెదాలు నాకుతూనే ఉంటారు, కాబట్టి పెట్టింది సగం కడుపులోకే. సీసం కొంచెం కొంచెంగా పేరుకున్నా ఎదిగే మెదడుకి చేటు. మీ పాపకి కూడా అదే వాడుతున్నారు కదా, ఆ సంగతి చూడండి.

సుర్మా అస్సలు వద్దు. కొన్నిటిలో ఉండేది సీసపు ఖనిజమే. కాటుక గురించి పెద్దవాళ్లకి కోపం వస్తుంది గానీ, ఇంట్లో ఆముదం దీపం మీద పట్టినదైనా కంటి లోపల పెట్టకండి. రెప్ప బయట గీతగా గీస్తే చాలు. ఆ ప్రోగ్రాంలో పద్దెనిమిది మందికీ ఒకే పెన్సిలు తిప్పారా? కళ్లకలక ఒకరికుంటే అందరికీ రావచ్చు. పాపకి సొంత పెన్సిలు, సొంత స్పాంజి పెట్టి పంపండి, ఏ మేకప్ ఆయనా కాదనరు.

కొత్తది ఏది కొన్నా ముందు మోచేతి మడతలో చిన్న చుక్క పెట్టి మర్నాటిదాకా చూడండి. మొహం మీద పెట్టింది గంట దాటనివ్వకండి, మన ఊరి ఉక్కపోతకి చెమటతో కలిసి కళ్లలోకి కారుతుంది. తీసేటప్పుడు కొబ్బరినూనె, దూది. గోళ్ల రంగు తీసే ద్రావకం మాత్రం వాడి చేతికి అందనివ్వకండి, పొయ్యి దగ్గర అసలే వద్దు, భగ్గుమంటుంది.

పిన్నిగారు చెప్పిన గోరింటాకు ఆకుదైతే సరే. గంటలో నల్లగా పండుతుందని అమ్మే కోన్లు వద్దు. వాటిలో జుట్టు రంగులో వాడే రసాయనం కలుపుతారు. బొబ్బలెక్కిన చేతులు మా షాపు కౌంటరు మీద చాలానే చూశాను.

ఉక్కునగరం నాన్న

అమ్మా, మీవారి తరఫున కొంచెం మాట్లాడతాను, తప్పుగా అనుకోకండి. మీరు రాసింది చదివితే ఆయనకి కోపం కన్నా భయమే ఎక్కువని నాకు అనిపించింది. వాన్‌లో అన్న ఆ మాట ఆయన కూడా చిన్నప్పుడు విని ఉంటారు. తను పడకపోయినా, ఎవరో ఒకడు పడుతుంటే చూసి ఉంటారు. నేను చూశాను. మా బ్యాచ్‌లో ఒకబ్బాయిని ఆ మాటతోనే పిలిచేవాళ్లం. నేనూ పిలిచాను. వాడు తొమ్మిదో తరగతిలో స్కూలు మానేశాడు. ఇప్పుడు నాకు కొడుకు ఉన్నాడు, ఆ పేరు గుర్తొస్తే అన్నం సహించదు.

కాబట్టి వాన్ సంగతి వదలకండి. మీరందరూ బాబుకి ఏం చెప్పాలో మాట్లాడుతున్నారు, ఆ పెద్ద పిల్లలకి ఎవరు చెప్పారు? సోమవారం మీవారిని వాన్ డ్రైవరుతో మాట్లాడమనండి. చిన్నవాణ్ణి ముందు సీటులో కూర్చోబెట్టమని అడగండి. క్లాసు టీచరుకి కూడా చెప్పండి, ఫిర్యాదులా కాదు, జరిగింది జరిగినట్టు. ఈ పని తండ్రి చేస్తే వేరుగా ఉంటుంది. నాన్న తన వైపు ఉన్నాడని బాబుకి తెలుస్తుంది, మీరు వేరే ఏమీ చెప్పక్కర్లేదు.

ఇంటి బయటికి రంగులు వద్దనే విషయంలో మాత్రం నేను మీవారితోనే ఉన్నాను. ఐదేళ్లవాడు ఆ మాటలు ఒంటరిగా మొయ్యలేడు.

భీమిలి మాష్టారు

నేను రిటైరైన తెలుగు మాష్టారిని. ఇరవై రెండేళ్లు పద్యనాటకాల్లో ఆడవేషాలు వేశాను. ఇలాంటి ప్రశ్నకి జవాబు రాయకుండా ఉండలేను.

మన దగ్గర మగవాడు మొహానికి రంగు పూసుకోవడం కొత్తేం కాదమ్మా. కూచిపూడిలో ఒకప్పుడు ఆడవేషాలన్నీ మగవాళ్లవే. సత్యభామగా వేదాంతం సత్యనారాయణశర్మ గారు జడ ముందుకు వేసుకుని నిలబడితే ఆడవాళ్లే ఆశ్చర్యపోయి చూసేవారు. 1970లో పద్మశ్రీ ఇచ్చారు. అంతకు ముందు నాటకాల్లో స్థానం నరసింహారావు గారు, ఆయనకి 1956లో ఇచ్చారు. ఈ ఇద్దరి ఫొటోలు మీవారికి చూపించండి, మీ అత్తగారి ఫొటో పక్కన పెట్టి.

అయితే మా వాళ్లు రంగుని ఆటగా చూడలేదు. మా గురువుగారి తరం మొహానికి అరిదళం పూసుకునేవారు, పసుపుపచ్చటి రాయి, అది పాషాణం, అంటే విషం. ఫార్మసిస్టు గారికి తెలిసే ఉంటుంది. పూసుకున్నంతసేపూ పెదాలు తడపకూడదు, చేత్తో ఏదీ తినకూడదు. నాటకం అయ్యాక కొబ్బరినూనె రాసి, పాత ధోవతి గుడ్డతో నుదుటి నుంచి కిందికి తుడిచి, సున్నిపిండితో కడిగి, అప్పుడు గానీ మంచినీళ్లు కూడా ముట్టేవారు కాదు. నాకు మొదటి ఏడాది రంగు వేయడం నేర్పలేదు. తీయడం నేర్పారు.

మీ బాబుకి కూడా అక్కడి నుంచే మొదలుపెట్టండి. వాడు ఆ రాత్రి కడుక్కోనని ఏడ్చాడన్నారే, అక్కడే పట్టుకోండి. ఇంత సేపు, ఈ పీట మీద, అయ్యాక నీ చేత్తో నువ్వే తీయాలి అనండి. అక్కకీ అదే లెక్క. ఇది మగపిల్లాడికి పెట్టిన ఆంక్ష కాదు, రంగు ముట్టుకున్న ప్రతివాడికీ ఉన్న పద్ధతి. అది వాడికి అర్థమవుతుంది.

ఒక్క హెచ్చరిక. వాడు కళాకారుడు అయిపోతాడని కూడా ఇంట్లో అనకండి. సంక్రాంతికల్లా గాలిపటాల మీదికి మనసు పోవచ్చు. పోనివ్వండి.

ఎంవీపీ కాలనీ అమ్మ

అందరికీ చేతులెత్తి దణ్ణం. ఒక్కొక్కటీ రెండేసి సార్లు చదివాను. మావారికి కూడా చదివి వినిపించాను. ఉక్కునగరం అన్నయ్యగారి మాటల దగ్గర ఆయన "ఇక చాలు" అని లేచి బాల్కనీలోకి వెళ్లిపోయారు. కాసేపటికి వచ్చి వాన్ డ్రైవరు నెంబరు అడిగారు. మాట్లాడారు. సోమవారం నుంచి ముందు సీటు ఇస్తానన్నాడు. టీచరుని బుధవారం కలుస్తాం.

లిప్‌స్టిక్ పారేశాను. డాన్సు పెట్టెలో ఇంకా నాలుగు వస్తువులకి ఊరూ పేరూ లేదు, అవీ పోయాయి. పాప కొంచెం ఏడ్చింది. దానికి కొత్త పెన్సిలు, స్పాంజి కొన్నాను, మూత మీద పేరు రాసుకుంది.

నిన్న ఆదివారం సాయంత్రం పెట్టె దింపి పీట వేశాను. మాష్టారూ, మీరు చెప్పినట్టే చెప్పాను, గడియారంలో పెద్దముల్లు ఆరు దగ్గరికి వచ్చేదాకా అని. వాడు పీట మీద తను కూర్చోలేదు. వాళ్ల నానమ్మని కూర్చోబెట్టాడు. ఆవిడ గడ్డం ఎడంచేత్తో పట్టుకుని, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, రెప్ప బయట ఎంత సన్నగా గీశాడంటే, ఆ చెయ్యి ఒక్కసారి కూడా వణకలేదు. "కదలకు నానమ్మా, చెవిదాకా వెళ్లాలి" అంటున్నాడు. ఆ రోజు నాలుగు గంటలూ వాడు చూసింది మేకప్ ఆయన చేతినేనని నాకు అప్పుడు తట్టింది. తర్వాత తనకీ పెట్టుకున్నాడు, పెదాలకి మాత్రం వద్దన్నాడు. నేను బలవంతం చేయలేదు. ముల్లు ఆరు మీదికి రాగానే దూది తనే అడిగాడు. మావారు గుమ్మం దగ్గర నిలబడి చూశారు. ఏమీ అనలేదు, వెళ్లిపోనూ లేదు.

ఒక్కటి మిగిలింది. పిన్నిగారూ, మరక పోయింది. స్పిరిట్ పెట్టాల్సిన పని కూడా రాలేదు. కానీ వాడు ఆ చొక్కా వేసుకోనంటున్నాడు. వెలుతురులో పెట్టి చూపించినా "ఉంది, నాకు కనిపిస్తోంది" అంటున్నాడు. శనివారం లోపు కొత్త తెల్లచొక్కా ఒకటి కుట్టించేస్తాను. పాతది బీరువాలో పెట్టాను. వాడికి కనబడే చోట ఆరేయకూడదు అనిపించింది.