పుస్తకంలో ఒక రంగు, తెరమీద ఇంకో రంగు: ఉదాహరణలు కావాలి

నమస్తే అండీ. ఫాంటసీ నవలలు తెరకెక్కినప్పుడు పాత్రల జాతి, ఒంటిరంగు ఎలా మారిపోతాయనే దాని మీద మా రీడింగ్ గ్రూపులో మాట్లాడాలి. సరుకు సరిపోవడం లేదు, కాస్త టెన్షన్‌గా ఉంది.

నా దగ్గరున్న గట్టి ఉదాహరణ అమెరికన్ రచయిత్రి ఉర్సులా లె గ్విన్ రాసిన ‘ఎర్త్‌సీ’ ఫాంటసీ నవలలు. 1968లో వచ్చిన మొదటి నవలలోనే హీరో గెడ్‌ది ఎరుపు కలిసిన గోధుమ రంగు, అతని స్నేహితుడు వెచ్‌ది ఇంకా నలుపు. తెల్లగా ఉండేది దాడికొచ్చే కార్గ్ జాతి. 2004 టీవీ సిరీస్‌లో మాత్రం గెడ్‌గా తెల్లజాతి నటుణ్ణి పెట్టారు. లె గ్విన్ ఊరుకోలేదు, బాహాటంగానే విమర్శిస్తూ వ్యాసం రాశారు.

నన్ను ఎక్కువ తికమక పెడుతున్నది సుజాన్ కాలిన్స్ నవల ‘హంగర్ గేమ్స్’. రూ అనే పిల్లది ముదురు గోధుమ రంగని నవలలో స్పష్టంగా ఉంది. 2012 సినిమాలో నల్లజాతి అమ్మాయి ఆ పాత్ర వేస్తే ఆ పిల్లను తెల్లగా ఊహించుకున్న కొందరు అభిమానులు ట్విటర్‌లో మండిపడ్డారు! ఇక్కడ రంగు మార్చింది దర్శకుడు కాదు, పాఠకులే. కళ్లముందున్న వాక్యాన్ని మనసు ఎలా దాటేసిందో, నాకు మింగుడుపడటం లేదు.

దీని మీద తేలిగ్గా చదవగలిగే వ్యాసాలుంటే చెప్పండి. ఇలాంటి నవలలు, సిరీస్‌లు ఇంకేమైనా తెలిస్తే కూడా. డబ్బింగ్, కార్టూన్ గొంతుల గొడవ వద్దు, అది వేరే చర్చ. రచయిత రంగు చెప్పకుండా వదిలేసిన పాత్రలు కూడా వద్దండీ, వాటితో వాదన తెగదు.