స్టాఫ్ నర్స్ నుంచి క్వాలిటీ వైపు వెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

లంక సిస్టర్, అమలాపురం
నమస్కారమండి. జీఎన్ఎమ్ (నర్సింగ్ డిప్లొమా), దానిమీద పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేసి తొమ్మిదేళ్లుగా లేబర్ రూమ్‌లోనే ఉన్నాను. మా వైపు నర్సు అనగానే చుట్టాలు అడిగేది ఒకటే, "గల్ఫ్ ఎప్పుడెళ్తున్నావ్?" అని. వెళ్లినా జీతం తప్ప అక్కడా ఇదే డ్యూటీ కదా. ఈమధ్య మౌరీన్ బిసొన్యానో గారి గురించి చదివాను. నర్సుగా మొదలుపెట్టి 2010లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ హెల్త్‌కేర్ ఇంప్రూవ్‌మెంట్‌కి సీఈఓ అయ్యారు, ఆస్పత్రుల్లో వైద్యం నాణ్యత, అదే క్వాలిటీ, పెంచడానికి దేశదేశాల్లో పనిచేసే సంస్థ అది. అటువైపు వెళ్లాలంటే ఏం చదవాలి? ఎమ్మెస్సీ నర్సింగా, ఆస్పత్రి నిర్వహణ నేర్పే ఎంహెచ్ఏనా? నాకు ముప్ఫై రెండు, పాప మూడో తరగతి.

భీమవరం బుల్లోడు
ఆవిడది అమెరికా అండి. ఇక్కడ సిస్టర్ నోరు విప్పితే "నువ్వు మందులివ్వు చాలు" అంటారు. ఐఈఎల్‌టీఎస్ రాసి వెళ్లిపోండి.

రాజోలు టు మస్కట్
బుల్లోడు గారూ, 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చీఫ్ నర్సింగ్ ఆఫీసర్ అయిన ఎలిజబెత్ ఐరో గారిది కుక్ ఐలాండ్స్. దేశం మొత్తం కలిపినా మన ఒక మండలమంత జనం ఉండరు. నర్సు, మిడ్‌వైఫ్ ఆవిడ.

చెల్లీ, నేనిప్పుడు మస్కట్‌లో క్వాలిటీ డిపార్ట్‌మెంట్‌లోనే ఉన్నాను, ఎమ్మెస్సీ లేదు. ముందు చేసిన ఆస్పత్రిలో, కాన్పు తర్వాత రక్తస్రావం ఆపే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ స్టోర్ గది ఫ్రిజ్‌లో ఉండేది, తాళం ఇన్‌ఛార్జి కొంగున. బిడ్డ పుట్టిన నిమిషంలోపు పది యూనిట్లు పడాలని అందరికీ తెలుసు, కానీ తాళం వచ్చేసరికి నాలుగైదు నిమిషాలు. తిట్టుకోవడం మానేసి ఒక రాత్రి, ఒకే ఒక్క కాన్పుకి, టీకాల ఐస్ బాక్సులో రెండు ఆంప్యూల్స్ పెట్టి పక్కన ఉంచాను. మర్నాడు ఐస్ ప్యాక్ గట్టిగా గడ్డకట్టి ఉండగా పెట్టడం తప్పని తెలిసింది, మార్చాను. గోడ క్యాలెండర్ మీద పెన్సిల్‌తో నిమిషాలు రాసేదాన్ని. ప్లాన్, డూ, స్టడీ, యాక్ట్ అని పెద్ద పేరుతో చెప్పేది ఇదే. ఇంటర్వ్యూలో నా సర్టిఫికెట్లు పక్కన పెట్టి ఆ క్యాలెండర్ ఫోటో మీదే ఇరవై నిమిషాలు అడిగారు.

పాత హెడ్ నర్సు, కాకినాడ
క్యాలెండర్ బాగుందమ్మా, కానీ అంకెలు చూసి మురిసిపోకండి. ఉత్తరప్రదేశ్‌లో కాన్పులో తప్పక చేయాల్సిన పనుల జాబితా, సేఫ్ చైల్డ్‌బర్త్ చెక్‌లిస్టుతో బెటర్‌బర్త్ అని పెద్ద ట్రయల్ జరిగింది, 120 ఆస్పత్రులు, లక్షన్నరకి పైగా తల్లులు. కోచ్‌లు వెళ్లి పక్కన నిలబడి నేర్పారు. చేతులు కడగడం, ఇంజెక్షన్ టైముకివ్వడం, అన్నీ మెరుగుపడ్డాయి. 2017లో ఫలితాలొస్తే తల్లీబిడ్డల మరణాల్లో మాత్రం తేడా లేదు. పని బాగా జరగడం వేరు, ప్రాణం నిలబడటం వేరు, ఈ రెండూ కలిపి చూసేవాళ్లే ఈ లైన్‌లో పనికొస్తారు. కోర్సుకి డబ్బు కట్టేముందు లేబర్ రూమ్‌ల నాణ్యత కోసం మన కేంద్ర ప్రభుత్వం పెట్టిన లక్ష్య కార్యక్రమం చెక్‌లిస్టులు డౌన్‌లోడ్ చేసుకో తల్లీ, ఉచితం. మీ లేబర్ రూమ్‌కి నువ్వే మార్కులేసుకో, ఎవరికీ చూపించకు.

లంక సిస్టర్, అమలాపురం
మేడమ్ గారూ, అక్కా, థాంక్సండి. మా దగ్గర ఫ్రిజ్ పక్కనే ఉంది, మా గోల వేరు. లంకల నుంచి వచ్చే కేసులకి నొప్పులు ఎన్నింటికి మొదలయ్యాయో రాస్తాం గానీ, పంటు కోసం రేవులో ఎంతసేపు ఆగారో కేస్ షీట్‌లో ఎక్కడా రాయం. వరదలప్పుడైతే చెప్పనక్కర్లేదు. బ్లీడింగ్‌తో వచ్చినవాళ్లలో ఎక్కువమంది వాళ్లేనని నా అనుమానం. అక్కణ్ణుంచి మొదలుపెట్టొచ్చా?

రాజోలు టు మస్కట్
మొదలుపెట్టేయ్. రేవుకొచ్చిన టైము, గేటు దాటిన టైము, రెండే అంకెలు. పేషెంట్ల పేర్లు రాయకు, ఏ డ్యూటీలో ఎవరున్నారో అసలే రాయకు, తర్వాత గొడవలవుతాయి. ఇరవై కేసులయ్యాక ఇక్కడ పెట్టు, చూద్దాం.